ముప్పై ఒకటో గంట

నాలుగు గంటలకు పీజీ కౌన్సెలింగ్ ఆప్షన్లు మూసేస్తారు, ఇప్పుడు మూడు దాటి నాలుగు నిమిషాలు, పుంగనూరులో ఎక్కిన జనం ఇంకా ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూనే ఉన్నారు, ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆధార్ కార్డులు గాల్లో ఊగుతున్నాయి, మెహ్‌నాజ్ కిటికీ పక్క సీట్లో ఫోను ఒళ్లో పెట్టుకుని ఆ రెండు వరుసలనే చూస్తోంది. మొదటి వరుసలో పెద్ద కాలేజీ, జనరల్ సర్జరీ. రెండో వరుసలో చిన్న కాలేజీ, అదే జనరల్ సర్జరీ. ఏది పైన ఉంటే అదే వస్తుంది, ఆమె ర్యాంకుకు రెండూ అందుతాయని నిరుటి కటాఫ్ చూసిన ప్రతివాడూ చెప్పాడు. వేలితో లాగితే కిందిది పైకి పోతుంది, పైది కిందికి దిగుతుంది, ఫ్రీజ్ అన్న ఎర్ర బటన్ నొక్కితే బిగుసుకుపోతుంది, అంతే పని. ఆ తర్వాత మూడేళ్లు. మధ్యలో పారిపోతానంటే ఊరుకోరు, పారిపోతే లక్షలు కక్కుతానని ముందే బాండు రాసివ్వాలి, ఆ బాండును మదనపల్లెలో నోటరీ చేయించడానికే ఈ ప్రయాణం, పక్క సీట్లో అబ్బా తాజుద్దీన్ స్టాంపు పేపర్ల కవరును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు, నలభై ఏళ్లుగా పుంగనూరు పిల్లలకు యూనిఫారాలు కుట్టిన చేతులు, ఏది పట్టుకున్నా బిగించే పట్టుకుంటాయి. "వొత్తేసినావా మా?" అన్నాడు. "లేదబ్బా." "యాల ఇంకా? పెద్దదే గదా పైన ఉండేది?" "పెద్దదే ఉండాది." "ఇంగేమి మల్ల? వొత్తెయ్." నొక్కెయ్యడమే, నిజమే, గొంతు నొక్కినంత తేలిక.

యాల, ఎందుకు, అంటే ఏం చెప్పాలి. వారం రోజులుగా ఆమె ఫోన్లు చేస్తోంది, తెలిసిన పీజీలకు, తెలియని పీజీలకు, వాళ్ల రూమ్మేట్లకు. డ్యూటీ గదికి లోపలి నుంచి గడియ ఉందా. ఆడవాళ్లకు కక్కసు వేరే ఉందా, ఉంటే దాని తాళం ఎవడి జేబులో ఉంటుంది. వరసగా ఎన్ని గంటలు నిలబెడతారు. డ్యూటీ అయిన మర్నాడు పంపుతారా, లేక రౌండ్లయ్యాక, ఓపీ అయ్యాక, డిశ్చార్జి కాగితాలు రాశాక, సారు కారెక్కాక పంపుతారా. అన్నం ఎన్నింటికి తింటారు, నిలబడా, కూర్చునా. క్యాజువాలిటీ ముందు కాపలా మనిషి వయసెంత, అరవై దాటిందా. సారుకు కోపం వస్తే ఏం విసురుతాడు, మాటలా, కత్తెరలా. ఇవెవరూ అడగరు. "కటింగ్ దొరుకుతుందా" అని అడుగుతారు, అంటే కత్తి మన చేతికిస్తారా అని, ఎన్ని పొట్టలు కోయనిస్తారు, ఎన్ని పేగులు కుట్టనిస్తారు అని, కత్తి పట్టుకున్న చేతి వెనక నిద్రలేని మనిషి ఒకడుంటాడని, వాడి కడుపులో నిన్నటి పగటి ఇడ్లీ తప్ప ఏమీ లేదని, వాడు ఉచ్చకు పోయి తొమ్మిది గంటలైందని ఎవడూ అడగడు. అడిగితే నవ్వుతారు. శివకుమార్ నవ్వాడు. నిమ్మనపల్లె వాడు, ఆమెకు సీనియర్, ఇప్పుడు ఆ పెద్ద కాలేజీలోనే సర్జరీ రెండో సంవత్సరం. "ఏమే, నువ్వు సర్జరీ సీటు తీసుకుంటాండావా, కాపరానికి ఇల్లు సూస్తాండావా? గడియంట, కక్కసంట!" "సెప్పన్నా, నవ్వొద్దు." "గడియ ఉండాది తల్లీ. పండుకునేదానికే టైం లేదు, ఇంగ గడియ యాలకు?" "వరసగా ఎన్ని గంటలు?" "లెక్కబెట్టుకునేవాడు సర్జన్ అవుతాడా?" అని మళ్లీ నవ్వాడు, ఆ నవ్వు మధ్యలో ఆవలింత వచ్చి పడింది, ఆవలింతను కూడా నవ్వులాగే నవ్వాడు.

ఆమె మాత్రం లెక్కబెట్టుకుంది. ముప్పై ఒకటి. పుంగనూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరెందుకు, కుప్పంలో హౌస్ సర్జన్ పని ముగించుకుని వచ్చి పీజీ పరీక్షకు చదువుకుంటూ ఆరు నెలలు అక్కడ డ్యూటీ డాక్టరుగా చేసింది. శనివారం పొద్దున ఎనిమిదికి ఎక్కిన డ్యూటీ, ఆదివారం పొద్దున ఎనిమిదికి దిగాలి, తర్వాతి డ్యూటీకి రావాల్సిన వినోద్ రాలేదు, ఫోను ఎత్తలేదు, యజమాని డాక్టరు "కొంచెం సూసుకోమ్మా" అన్నాడు, ఆ కొంచెం మధ్యాహ్నం మూడింటిదాకా సాగింది. వెంకటలక్ష్మమ్మ అని రామసముద్రం పక్క పల్లె ఆమె, అరవై రెండేళ్లు, గుండె నొప్పి, బీపీ జారిపోతోంది, ఇక్కడ సాగదని రెండు గంటలకు అంబులెన్సులో కుప్పానికి పంపించింది, తోడు కూతురు వెళ్లింది. కొడుకు మల్లప్ప అప్పటికే ఆధార్ కార్డు కోసం ఊరికి పరుగెత్తాడు, ఫోనులో చార్జింగ్ లేదు, ఎవరూ అతనికి చెప్పలేకపోయారు. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీ. దుప్పటి లేదు. ఆయా ఫినాయిల్ నీళ్లతో పరుపు తుడుస్తోంది. తుడిచే పరుపును చూసిన కొడుకు ఏమనుకుంటాడు? అతను మెహ్‌నాజ్ దగ్గరికి వచ్చి, చేతిలో ఆ కార్డు అట్లాగే పట్టుకుని, "మాయమ్మ యాడమ్మా?" అన్నాడు. "పోయిందప్పా" అంది మెహ్‌నాజ్.

కుప్పానికి పోయిందప్పా అనాలి. ఒక్క మాట, కుప్పానికి, ఆ ఒక్క మాట నాలుక మీదికి రాలేదు, తల లోపల ఉంది, తల లోపల అంబులెన్సు పలమనేరు దాటిందా లేదా అన్న లెక్క కూడా ఉంది, నాలుక మాత్రం ఎండిన చెప్పు తోలులా ఉంది. ఈ నేల మీద పోవడం అన్న మాటను ఎవరూ అట్లా ఒంటిగా పడేయరు. అంగడికి పోయేవాడు కూడా పోయొస్తా అంటాడు, పోతా అంటే ఇంట్లోవాళ్లు నోరు మూస్తారు, కుప్పంలో ఉండే నానీ, అమ్మ తల్లి మైమూన్ బీ, తనకు తెలుగు నేర్పేటప్పుడు మొట్టమొదట నేర్పింది అదే, "పోతా అనగాకు బేటా, పోయొస్తా అను, పోయేది ఒకేసారి." అదంతా తెలిసిన మనిషే అంది, పోయిందప్పా. మల్లప్ప ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత సెలైన్ స్టాండు గాల్లోకి లేచింది, సీసా పగిలింది, మొదటి దెబ్బ కనుబొమ మీద, రెండోది భుజం మీద, మూడోది బల్లకు తగిలి బల్ల అద్దం తునకలైంది, "సంపేసినారు, మాయమ్మను సంపేసినారు, కార్డు తెచ్చేదాకా గూడా నిల్సలేదు" అని అతను అరుస్తున్నాడు, వరండాలో ఎవరెవరో లేచారు, వాళ్లకు వెంకటలక్ష్మమ్మ ఎవరో కూడా తెలియదు, అయినా లేచారు, ఒకడు కుర్చీ ఎత్తాడు, ఒకడు ఆమె కొంగు పట్టి లాగాడు, కొట్టడానికి ఎవరో ఒకరు దొరికారన్న సంబరం వాళ్ల ముఖాల్లో ఆమె చూసింది. నర్సు పావని ఆమెను జుట్టు పట్టి లాక్కుపోయింది, అవును జుట్టు పట్టే, ఇంకేదీ చేతికి దొరకలేదు, ఇద్దరూ కక్కసులో దూరారు, తలుపుకు గడియ లేదు, పావని తలుపుకు వీపు ఆనించి, కాళ్లు ఎదుటి గోడకు తన్నిపెట్టి, "అల్లా అను మేడమ్, ఏదో ఒకటి అను, కండ్లు మూయొద్దు" అంటోంది, బయట నుంచి తన్నే ప్రతి తన్నుకూ పావని దవడ టకటకమంటోంది. పది నిమిషాలు. పదో నిమిషంలో పావని ఫోనుకు అంబులెన్సులోంచి వెంకటలక్ష్మమ్మ కూతురు చేసింది, పలమనేరు దాటినాం, అమ్మ బతికే ఉండాది, అన్న యాడ? పావని ఆ ఫోనును తలుపు కింది సందులోంచి బయటికి తోసింది. తన్నులు ఆగాయి. బయట మల్లప్ప ఏడుపు మొదలైంది.

బస్సు ఎక్కడో ఆగింది, టమోటా పెట్టెలు ఎక్కించాలని ఒకతను, ఎక్కించనని కండక్టరు, "ఇది బస్సా, మార్కెట్టా? మనుషులకే సోటు లేదు" "రెండే రెండు పెట్టెలన్నా, మార్కెట్టు కాడ దించేస్తా" "నీ రెండు పెట్టెలు నా నెత్తిన పెట్టు." పెట్టెలు ఎక్కాయి. మూడూ ఇరవై మూడు. ఆ రోజు కనుబొమ మీద మూడు కుట్లు, తానే అద్దంలో చూసి వేసుకుంటానంది, పావని ఒప్పుకోలేదు. యజమాని డాక్టరు కాఫీ తాగుతూ అన్నాడు, నీ నోట్లో మాట జారింది గదమ్మా, పల్లెటూరి మనిషితో అట్ల అంటారా? కాగితం మీద సమాచార లోపం అని రాశారు. లోపం నాలుకదట. ముప్పై ఒకటో గంటది కాదట. ఆ గంటలో ఒక మనిషిని నిలబెట్టిన వాడిది కాదట, ఎత్తని వినోద్ ఫోనుది కాదట, కొంచెం సూసుకోమ్మా అన్న నోటిది కాదట. ఇరవై గంటలు బండి తోలిన లారీ డ్రైవరు మనిషిని గుద్దితే వాణ్ణి పట్టి బొక్కలో వేస్తారు, సరే, వేయండి, ముప్పై గంటలు మేల్కొన్న డాక్టరు చేతిలో మాత్రం కత్తి పెడతారు, సూది పెడతారు, పాప పొట్ట పెడతారు, దానికి సేవ అని పేరు పెడతారు, సేవ అన్నవాణ్ణి పట్టుకొచ్చి ఆ ముప్పై ఒకటో గంటలో నిలబెట్టి నీ పెండ్లాం పేరు చెప్పరా అని అడగాలి, నీళ్లు నములుతాడు. ఆ వారంలోనే మదనపల్లెలో డాక్టర్లు రోడ్డెక్కారు. నుదుటి మీద పట్టీతో ఆమెనే ముందు నిలబెట్టారు. మైకు ఇచ్చారు. మమ్మల్ని కొట్టే హక్కు ఎవరిచ్చారు మీకు అని గొంతు చిరిగేలా అరిచింది, చప్పట్లు, వీడియోలు, నలభై వేలమంది చూశారు, రాయచోటి నుంచి ఎవరో పూలబొకే పంపారు. మల్లప్ప ఒక పొద్దున ఇంటికి వచ్చి అరుగు కింద కూర్చుని, లెయ్యమన్నా లేవకుండా, "సెయ్యి యిరగ్గొట్టుకుంటానమ్మా, సెప్పు" అన్నాడు. పొమ్మనలేదు ఆమె. పోయిరాప్పా అంది.

నొక్కినావా అని అబ్బా మళ్లీ. లేదు. అబ్బా ఎడమ చేతి చూపుడు వేలు మొదటి కణుపు దగ్గర వంకర, అది కుట్టుపనిలో వచ్చిన వంకర కాదు, పదకొండేళ్లప్పుడు చొక్కా బొత్తాం కాజా పక్కకు పోయిందని పని నేర్పే ఉస్తాద్ ఇనుప కత్తెర పిడితో కొట్టిన వంకర. ఆ వేలును అబ్బా పతకంలా చూపిస్తాడు. "ఆ దెబ్బ లేకుంటే నాకు పని వచ్చేదా? మూడేండ్లు పండ్లు బిగబట్టుకుంటే అయిపాయ గదా మా" అని నిన్న రాత్రి అన్నం దగ్గర, పొద్దున నాష్టా దగ్గర, బస్టాండులో. పండ్లు బిగబట్టుకున్న అబ్బా ఉస్తాద్ అయ్యాడు. అయ్యాక చెక్క స్కేలు పట్టాడు. అమ్జద్ అని ముప్పై ఏళ్ల పనివాడు, పెళ్లాం పిల్లలున్న మనిషి, బడులు తెరిచే ముందు జూన్ రద్దీలో రెండు రాత్రులు మిషను మీద నుంచి లేవనివాడు, కాలర్లు తిరగేసి కుట్టేశాడని చెవి మీద కొట్టాడు స్కేలుతో. అమ్జద్ ఆ చెవితో ఇప్పటికీ సరిగా వినడు. బెంగళూరులో గార్మెంట్స్‌లో సూపర్వైజరుగా ఉన్నాడు, అతని కింద నలభై మంది ఆడపిల్లలు. అక్కడ ఆ స్కేలు ఎవరి మీద లేస్తోందో. లేస్తూనే ఉంటుంది, ఎక్కడికి పోతుంది, దెబ్బ అనేది పైనుంచి పడితే నేలలో ఇంకిపోదు, పడిన మనిషి దాన్ని మోసుకుంటూ కింద ఎవరున్నారా అని వెతుక్కుంటాడు. పెద్ద కాలేజీలో పెద్ద సారు ఆపరేషన్ బల్ల దగ్గర వేళ్ల కణుపుల మీద ఆర్టరీ ఫోర్సెప్స్‌తో, ఆ ఉక్కు పటకారుతో, కొడతాడని అందరికీ తెలుసు, తెలిసి అందరూ మెచ్చుకుంటారు, ఆయన దెబ్బ తిన్నవాడు దేశమంతా ఉన్నాడంటారు.

చిన్న కాలేజీలో మొదటి ఏడు చదివే అనిత గొంతు గుర్తొస్తోంది. ఎవరో నంబరిస్తే మొన్న చేసింది, ముఖం తెలియదు. "కేసులు తక్కువక్కా, అబద్ధం యాలకు? అపెండిక్సు, హెర్నియా, గడ్డలు. పెద్ద పెద్దవన్నీ పైకి పంపేస్తారు. హాస్టల్లో వాన కురిస్తే బకెట్లు పెట్టుకోవల్ల. స్టైపెండు నెల తప్పి నెల." "సారు?" "తిడతాడక్కా, అమ్మా అబ్బా అని లేకుండా తిడతాడు. చెయ్యి ఎత్తడు. డ్యూటీ ఇరవై నాలుగు గంటలు అయినాక వార్డులో కనిపిస్తే మాత్రం ఆయనే రెక్క పట్టుకుని బయటికి తోస్తాడు, నిద్ర మొగమేసుకోని నా పేషెంటును ముట్టుకుంటావా అని." "ఇంకేమన్నా సెప్పేది ఉండాదా అనితా?" సిగ్గుపడుతున్నట్టు, "పోయిన ఆదివారం నేను నిద్రపోయినాక్కా" అంది. "అంతేనా?" "అంతేనక్కా."

మూడూ ముప్పై ఐదు. కిటికీ బయట మల్బరీ తోటలు, బండలు, పాల క్యాన్ల బండి. పెద్ద కాలేజీనే ఉండనీ అని వేలు బటన్ మీదికి పోతుంది, ఆమెకు సర్జరీ అంటే పిచ్చి, దర్జీ కూతురు, పొట్ట గోడ పొరపొరగా తెరుచుకోవడం, మళ్లీ పొరపొరగా మూసుకోవడం, ఆ పని తన చేతులకు పుట్టుకతో వచ్చిందని ఆమెకు తెలుసు, కాలేయం కోసేచోట నిలబడాలి, క్లోమం కోసేచోట నిలబడాలి, హెర్నియాలు కుట్టుకుంటూ బతకడానికా ఇంత చదివింది? మూడేళ్లు. దెబ్బలే కదా. తినగలదు. సెలైన్ స్టాండు దెబ్బే తిన్నది, ఫోర్సెప్స్ ఎంత. తినడం గురించి ఆమెకు భయం లేదు, ఆ సంగతి ఎవరికి చెప్పాలి, తినడం గురించి కాదు. ఇరవై తొమ్మిదో గంట గురించి.

అది ఎవరికీ తెలియదు, పావనికి తప్ప, పావనికి తెలిసినా తెలిసిన కింద లెక్క కాదు, పావని దాన్ని దెబ్బ అనుకోలేదు. అదే ఆదివారం, మల్లప్ప రావడానికి రెండు గంటల ముందు, కాన్పు గది. బైరెడ్డిపల్లె వైపు ఆమె, నొప్పులు మొదలై పద్నాలుగు గంటలు, బిడ్డ తల కనిపిస్తోంది, కాన్పుల డాక్టరమ్మ దారిలో ఉంది, ముక్కమ్మా ముక్కు అంటే ఆమె ముక్కలేదు, కాళ్లు దగ్గరికి లాక్కుంది, వద్దు వద్దు సంపేయండి నన్ను అని కాళ్లు ముడుచుకుంది, మెహ్‌నాజ్ చేతిని తొడల మధ్య ఇరికించి నొక్కింది. బల్ల మీద లైటు కళ్లలోకి పొడుస్తోంది. ఎడమ చెవిలో ఈగ లాంటి చప్పుడు పొద్దుటి నుంచీ. అప్పుడు కొట్టింది. కుడి చేత్తో, గ్లవుజు చేత్తో, ఆ నెత్తుటి చేత్తో, ఎడమ తొడ మీద, బలమంతా పెట్టి. చప్పుడు గోడకు తగిలి వెనక్కి వచ్చింది. "తెరువు కాళ్లు, మొగుని కాడ తెరిసినావు గదా" అంది. ఎవరంది ఆ మాట? ఎక్కడ దాచిపెట్టుకుంది ఆ మాటను, చదువుకునే రోజుల్లో ఎవరెవరి నోట వినీ వినీ, విన్న ప్రతిసారీ అసహ్యించుకునీ? తొడ మీద అయిదు వేళ్లు ఎర్రగా, ఆమె రక్తంతోనే ఆమె మీద అచ్చు. ఆమె నోరు తెరిచి చూసింది, అరవలేదు, పెద్ద కళ్లతో చూసింది, కాళ్లు తెరిచింది, ముక్కింది, బిడ్డ వచ్చింది. పావని నవ్వుతూ, "మేడమ్ ఒగటి పీకినాక గదా దారికొచ్చింది" అంది. అంతకంటే ఘోరం, కొట్టిన ఆ లిప్తపాటు మెహ్‌నాజ్‌కు హాయిగా ఉంది, భుజం నుంచి ఏదో బరువు జారిపోయినట్టు, ఇరవై తొమ్మిది గంటలుగా ఎవరి మీద వేయాలో తెలియని బరువు. అంతకంటే ఇంకా ఘోరం, గంట తర్వాత ఆ బాలింత చేతులు జోడించి, "కొట్టింది మంచిదేలేమ్మా, లేకుంటే నాకు యాడ సేతనయ్యేది" అంది. మైకు ముందు నిలబడి మమ్మల్ని కొట్టే హక్కు ఎవరిచ్చారని అరిచినప్పుడు, చప్పట్ల అడుగున ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది, ఒకే డ్యూటీ, రెండు దెబ్బలు, ఒకదానికి నలభై వేలమంది సాక్షులు, రెండోదానికి ఒక దండం.

ఫోను మోగింది. శివకుమార్. మూడూ నలభై ఒకటి. "ఫ్రీజ్ జేసినావా లేదా?" "బస్సులో ఉండానన్నా." "బస్సులో ఉంటే వేలు పన్జెయ్యదా? నేను సారుకు సెప్పేసినా, మా ఊరి పక్క పిల్ల వస్తాండాది, సెయ్యి మంచిదని." "అన్నా, ఒకటి అడగనా?" "మల్లా కక్కసా?" "నిన్ను కొట్టినారా?" అవతల చిన్నగా నవ్వు. "కొట్టకుండా ముద్దు పెట్టుకుంటారా? ఫస్ట్ ఇయరంతా తినల్ల మెహ్‌నాజ్, అది అంతే. ఒగసారి గోడకేసి నూకినారు, పన్ను ఊడె. ఏమాయె ఇప్పుడు? సెకండ్ ఇయర్ వచ్చె. ఇప్పుడు నేను కొడతా. నిన్న ఒగణ్ణి కొట్టినా సూడు, వాడు జన్మలో ఇంగ పేషెంటు డ్రెయిను గొట్టం సూసేది మర్చిపోడు." గొంతులో గర్వం లేదు, బడలిక ఉంది, వంట బాగా కుదిరిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. "నువ్వు నా కిందికే గదా వచ్చేది, భయపడొద్దు, నిన్ను మెల్లగా కొడతాలే. మల్ల ఏడు నీ కిందికీ జూనియర్ పిల్లోళ్లు వస్తారు, నువ్వూ ఏసుకోవచ్చు." ఆమె వింటోంది. శివకుమార్, హౌస్ సర్జన్లకు తన డబ్బా అన్నం పెట్టినవాడు, కుక్కకు కాలు విరిగితే కట్టు కట్టినవాడు. రెండేళ్లు చాలాయి. అతనికి పట్టిన రెండేళ్లు తనకు పట్టవు, తను ఇరవై తొమ్మిది గంటల్లోనే నేర్చుకుంది, తనకు అంత సహజంగా వచ్చింది చెయ్యి ఎత్తడం, ఆ పెద్ద కాలేజీలో తను తన్నులు తిని చావదు, బాగా బతుకుతుంది, బల్ల దగ్గర అందరికంటే బాగా కుడుతుంది, అందరికంటే బాగా కొడుతుంది, నలభై ఏళ్లకు పెద్ద మేడమ్ అవుతుంది, ఆమె దెబ్బ తిన్నవాళ్లు దేశమంతా ఉన్నారంటారు. "పెట్టేస్తాండానన్నా" అంది. పెట్టేసింది. వేలితో కిందిదాన్ని పట్టి లాగింది. లేవలేదు. మళ్లీ లాగింది. గుండ్రం తిరుగుతోంది, సిగ్నల్ లేదు, రెండు వైపులా గుట్టలు, గుండ్రం తిరుగుతూనే ఉంది, ఫోనును కిటికీ చువ్వకేసి బద్దలు కొట్టాలనిపించింది, ముందు సీటు ఆమె తలను ఇనుపకడ్డీకేసి కొట్టాలనిపించింది, పాపం ఆమె తమలపాకు నములుకుంటోంది అంతే, ఏం చేసింది ఆమె, చూడు, చూడు నీ చెయ్యి ఎట్లా లేస్తుందో. కాలేయం పోయింది, క్లోమం పోయింది, పోనీ. చిన్నది పైకి వచ్చింది. ఎర్ర బటన్. ఖాయమా అని అడిగింది. ఖాయం. మూడూ యాభై ఆరు.

"అయిపాయనా?" అన్నాడు అబ్బా. "అయిపోయిందబ్బా." "అల్హందులిల్లా" అని కవరును గుండెకు ఆనించుకున్నాడు. "పెద్దది కాదబ్బా. చిన్నది పెట్టినా." కవరు ఒళ్లోకి జారింది. అతని ముఖంలోకి నెత్తురు ఎక్కడం ఆమె చూసింది, మెడ నుంచి చెవులదాకా. "ఏందీ?" "చిన్న కాలేజీ." "మతి ఉండాదా నీకు? ఊరంతా పెద్ద కాలేజీ అని సెప్పినానే నేను! గడియా కక్కసూ సూసి సీటు వదిలేస్తారా యాడన్నా? నాలుగు దెబ్బలకు భయపడి, థూ, నా కడుపున పుట్టి..." చెయ్యి లేచింది. వంకర వేలున్న ఆ చెయ్యి ఆమె చెంప ఎత్తుకు లేచింది, తమలపాకు ఆమె నమలడం ఆపి చూసింది, వెనక సీట్లో ఎవరో "యోవ్ సాయబూ" అన్నారు. మెహ్‌నాజ్ తల పక్కకు తిప్పలేదు. "దెబ్బలకు భయపడి కాదబ్బా. నేనొకామెను కొట్టినా." చెయ్యి అక్కడే ఉండిపోయింది. "ఎవురిని?" "కాన్పుకొచ్చినామెను. నొప్పుల్తో ఉంటే. బల్ల మీద పండుకోనుంటే కొట్టినా, నిద్ర లేక. ఆడ మూడేండ్లుంటే ఇంకా కొడతా. దినామూ కొడతా."

చెయ్యి మెల్లగా దిగింది, దిగి ఎక్కడ ఉండాలో తెలియక ముందు సీటు కడ్డీని పట్టుకుంది. బస్సు ఊళ్లోకి తిరిగింది, టమోటా లారీలు, హారన్లు. అబ్బా రోడ్డు వైపే చూస్తున్నాడు. ఎవరికో చెబుతున్నట్టు, "అమ్జద్‌ను కొట్టిన దినం వాని ఒంటి మీద నీలం చొక్కా ఉండె" అన్నాడు. "వాని పెండ్లాం పేరు షకీలా. కొట్టిన సాయంత్రం వాడు టీ తెచ్చిచ్చె నాకు. తాగినా నేను." కూతురి వైపు తిరగకుండానే అడిగాడు. "నువ్వు కొట్టినాయమ్మ పేరేంది మా?" మెహ్‌నాజ్ నోరు తెరిచింది. రెండో కాన్పు. ఆడబిడ్డ. రెండు కిలోల తొమ్మిది వందలు. పన్నెండూ యాభై. బి పాజిటివ్. మూడు కుట్లు, తనే వేసింది, మంచి కుట్లు. మొగుడు ఇటుకల బట్టీలో. కేసు షీటు మీద తన చేత్తోనే రాసింది, పైన, ఎడమ వైపు, పేరు అన్నచోట, నీలం పెన్నుతో ఏదో రాసింది, నాలుగక్షరాలో అయిదక్షరాలో, చెయ్యి కదిలిన గుర్తు కూడా ఉంది, అక్షరాలు లేవు. కండక్టరు అరచేత్తో బస్సు రేకు మీద దబదబా బాదుతూ "మదనపల్లె, మదనపల్లె, దిగండి బిరబిరా" అని అరుస్తున్నాడు. అందరూ లేచారు. వాళ్లిద్దరూ లేవలేదు. "తెలీదబ్బా" అంది ఆమె.

అప్పుడు తాజుద్దీన్ కూతురి వైపు తిరిగాడు, కోపంగా కాదు, అర్థం కాని మనిషిలా.

"పేరు గూడా తెలుసుకోకుండా కొట్టినావా?"